నేరం ప్లగ్గుదేనా?

బోరు చేయించి తిరిగి బిగించిన ఇంజన్ కొద్దిరోజులకే టకటకా కొట్టుకుంటే, విప్పిన స్పార్క్ ప్లగ్గు పింగాణీ పగిలి కనిపిస్తే, మొదటి నింద ప్లగ్గు మీదే పడుతుంది. ఈ అలవాటు నూరేళ్లనాటిది. 1912 కాడిలాక్ కారుకు చార్లెస్ కెట్టరింగ్ బ్యాటరీ ఇగ్నిషన్ సమకూర్చాక, ఇంజన్లలో ఈ టకటక చప్పుడుకు (నాకింగ్‌కు) అదే కారణమన్న వాదన లేచింది. ఆయన దగ్గర పనిచేసిన థామస్ మిడ్జ్‌లీ 1916లో పరిశోధన మొదలుపెట్టి, నిప్పురవ్వ పడిన తర్వాతే ఆ చప్పుడు పుడుతోందని, లోపం ఇంధనానిదని తేల్చాడు. 1921 డిసెంబరులో టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు సమ్మేళనం దానికి మందుగా దొరికింది. ఆ సీసం మళ్లీ ప్లగ్గుల మీదే పేరుకుంటే, వదిలించడానికి పెట్రోలులో బ్రోమిన్ సమ్మేళనం కలపాల్సి వచ్చింది. మనుషుల ఒంట్లో చేరిన సీసాన్ని మాత్రం చాలాకాలం అంత శ్రద్ధగా పట్టించుకోలేదు. మన దేశంలో సీసం పెట్రోలు 2000లో గానీ ఆగలేదు.

అయితే ప్లగ్గు తప్పే ఉండదా? ఉంటుంది. వేడిని త్వరగా వదలని రకం బిగిస్తే దాని కొనే ఎర్రగా కాలి, రవ్వ పడకముందే మంట అంటిస్తుంది. బిగించేటప్పుడు రెంచి ఒరిగినా పింగాణీ చిట్లుతుంది. కానీ పింగాణీ మీద మెరిసే సన్నటి అల్యూమినియం చుక్కలు ఉన్నాయంటే, అవి పిస్టన్ నుంచి కరిగి వచ్చినవే. హెడ్డు మరీ ఎక్కువ గీయించడంతో కంప్రెషన్ పెరిగిందా, టైమింగ్ ముందుకు జరిగిందా అని చూడకుండా కొత్త ప్లగ్గు వేస్తే అదీ పగులుతుంది. విప్పిన ప్లగ్గుల్ని పారేయకండి, ఏది ఏ సిలిండర్‌దో రాసి ఉంచండి.