ఇంటి అందానికి తీర్పరి ఎవరు?

ఇంటి లోపలి అలంకరణలో పోటీ పెట్టి, ఆ పోటీని లక్షలమందికి చూపించి, చివరకు ఒకరిని విజేతగా ప్రకటించే టెలివిజన్ కార్యక్రమాలు రెండు దశాబ్దాలకు పైగా అనేక దేశాలలో నడుస్తున్నవి. ఇవి కాలక్షేపం కోసం పుట్టినవే. అయినా వాటిని చూసేవారు వెలిబుచ్చే అభిప్రాయాలను చరిత్ర విద్యార్థి తేలికగా తోసివేయరాదని నా ఉద్దేశం. ఒక ఇల్లు అందంగా వున్నదని గాని లేదని గాని చెప్పే అధికారం ఎవరిది అన్న పాత తగాదాయే ఆ మాటలలో మళ్లీ వినిపిస్తున్నది. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతం నుంచి చూస్తే ఆ తగాదా మరింత విశదమవుతుంది. ఇళ్లకు రాయి నిచ్చిన సీమ ఇది.

ముందుగా తీర్పరులు ఎట్లా పుట్టారో చూద్దాం. 1851లో లండన్ హైడ్ పార్కులో మహాప్రదర్శన జరిగింది. అరవై లక్షల దాకా టిక్కెట్లపై జనం వచ్చి చూశారు. యంత్రాలతోపాటు గృహోపకరణాలు, తివాసీలు, కుర్చీలు అన్నీ వరుసగా పెట్టారు. నిపుణుల బృందాలు వాటిని పరీక్షించి పతకాలు పంచినవి. మరుసటి సంవత్సరం హెన్రీ కోల్ మార్ల్‌బరో హౌసులో ఒక గది తెరిచి, చెడ్డ అభిరుచికి ఉదాహరణలని తాను నమ్మిన వస్తువులను అందులో పెట్టించాడు. నిజమైన పూలలాగా పూలు నేసిన తివాసీలు అందులో వున్నవి. జనం ఆ గదికి భయానకాల గది అని పేరు పెట్టారు. ఆ డిసెంబరులోనే చార్లెస్ డికెన్స్ నడుపుతున్న పత్రికలో హెన్రీ మోర్లీ దీనిపై ఒక వ్యంగ్య రచన చేశాడు. అందులో ఒక మామూలు గృహస్థు ఆ గదిని చూసి వస్తాడు. చూస్తే తన ఇంటినిండా ఆ భయానకాలే! ఇక పాపం అతనికి మనశ్శాంతి లేదు. తన ఇంట్లో తాను సుఖంగా కూర్చునే మనిషికి నిపుణుడు సిగ్గు నేర్పుతున్నాడని ఆ నవ్వులోని అర్థం.

ఈ గాలి మన వైపు కూడా వీచింది. 1850లో అలెగ్జాండర్ హంటర్ మద్రాసులో చిత్రకళా పాఠశాల స్థాపించినప్పుడు, నిత్యం వాడే వస్తువుల విషయంలో దేశీయుల అభిరుచిని మెరుగుపరచడం దాని ఆశయాలలో ఒకటి. 1839లో కర్నూలు నవాబును తొలగించిన తరువాత నంద్యాల సీమ కూడా మద్రాసు ప్రభుత్వం కిందనే వుండేది. దేవళాలకు రాళ్లు చెక్కుతూ వచ్చిన జాతికి అభిరుచి నేర్పవలసి వచ్చిందట! పాలకుడు పన్నుతోపాటు కంటిని కూడా తన అధీనంలోకి తెచ్చుకోదలచినాడని ఇందువల్ల తెలుస్తున్నది.

ఇరవయ్యో శతాబ్దం చివరకు తీర్పు ఇంటింటి తెర మీదికి ఎక్కింది. 1996లో బి.బి.సి. ‘చేంజింగ్ రూమ్స్’ మొదలుపెట్టింది. ఇరుగుపొరుగువారు ఇళ్లు మార్చుకుని, ఒక అలంకరణ నిపుణుని సాయంతో, రెండు రోజులలో ఎదుటివారి గదిని మార్చివేయాలి. ఒకసారి ఇంటివారు ఏళ్ల తరబడి పోగుచేసుకున్న టీ కూజాలను నిపుణురాలు వేలాడే అరల మీద పెట్టించింది. తెల్లవారేసరికి అరలు కూలి కూజాలు పగిలిపోయినవి. ఇన్నేళ్ల తరువాత కూడా ప్రేక్షకులు ఆ కార్యక్రమం పేరు చెప్పగానే రంగులను గాక ఆ కూజాలనే తలచుకుంటారు. 2003లో ఆస్ట్రేలియాలో ‘ది బ్లాక్’ వచ్చింది. అందులో జంటలు ఇళ్లు బాగుచేస్తాయి. ఆ ఇళ్లను వేలం వేస్తారు. నిర్ణయించిన ధర కంటె ఎక్కువ లాభం తెచ్చినవారు గెలుస్తారు. ఇక్కడ తీర్పరి మార్కెట్టే. 2006లో అమెరికాలో వచ్చిన ‘డిజైన్ స్టార్’ మొదటి విడతలో విజేతను ప్రేక్షకుల ఓట్లు నిర్ణయించినవి. 2019లో బి.బి.సి. ‘ఇంటీరియర్ డిజైన్ మాస్టర్స్’ ప్రారంభించి తీర్పును తిరిగి నిపుణులకు అప్పగించింది. అంటే పడకగదికి పొరుగువాడు, వేలం పాట, జనం ఓటు, నిపుణుని మార్కులు అన్నీ తీర్పరులైనవి. వీరిలో ఒక్కరు కూడా ఆ గదిలో నిద్రపోవలసిన వారు కారు.

ఈ చివరి పోటీ మొదటి విడత నెట్‌ఫ్లిక్స్ ద్వారా మన దేశానికీ వచ్చింది. నంద్యాలలో కొందరు బంధువులతో, ఆళ్ళగడ్డలో కొందరు పనివారితో కలిసి నేను దాన్ని చూశాను. మాటలు అర్థం కాని చోట నేను చెప్పాను. అభిప్రాయాలు మాత్రం వారివి. తెల్లని వంటగదిని చూసి మా పెద్దమ్మ, “పోపు ఏసేది లేదేమో నాయనా వాళ్లు. మూడు దినాలకు ఆ గోడ పసుపు అయితాది. తుడిసేదెవురు?” అన్నది. ఒక వడ్రంగి మేస్త్రి, “రెండు దినాల్లో బీరువా నిలబెట్టినారు, సరే సార్. ఆ కీలు రెండేండ్లు నిలుస్తాదా?” అని అడిగాడు. ఆళ్ళగడ్డ శిల్పి ఒకరు చాలాసేపు మౌనంగా చూసి, “గీసినాయప్ప పేరు పదిసార్లు సెప్పినారు. సేసినోళ్ల పేరు ఒక్కటీ రాలేదు,” అన్నారు. ఒక కాలేజీ అమ్మాయి మాత్రం ఆ రంగులకు ముచ్చటపడి, తన గది గోడకు అదే ఆకుపచ్చ వేయించమని తండ్రిని అడిగింది.

తుడిచేదెవరు, నిలుస్తుందా, చేసిందెవరు? ఈ మూడు ప్రశ్నలూ ఆ పోటీ కొలబద్దలో లేవు. ఇవి అజ్ఞానం వల్ల వచ్చినవి కావు. మా ప్రాంతపు ఇంటి చరిత్రలో నుంచి వచ్చినవి.

ఇక్కడి పాత ఇల్లు మట్టిమిద్దె. దూలాలు, దంతెలు పరచి, పైన కంపో బోదో వేసి, దాని మీద చవుడు మన్ను తొక్కేవారు. వెలుగుకు కప్పులో ఒక గవాచి. గోడలో దీపపు గూడు. ఒక వైపు దొంతి కుండలు, మరొక వైపు గాడి కట్టిన ఎద్దులు. సున్నం, జాజు, ముగ్గు దాని అలంకారాలు. వానాకాలానికి ముందు మిద్దె మీద చవుడు మళ్లీ వేయకపోతే ఇల్లు కారుతుంది. నాలుగు రోజులు అలకకపోతే నేల పెళ్లలు లేస్తుంది. కాబట్టి అందమూ మరమ్మతూ ఇక్కడ వేరు కాలేదు. వాటిని చేసే చేతులు మాత్రం ఎప్పుడూ ఆడవారివి, కూలివారివి. ఆ కాలాన్ని స్వర్ణయుగమని నేను అనడం లేదు. అరుగు మీద ఎవరు కూర్చోవచ్చునో, గడప ఎవరు దాటరాదో కులమే శాసించింది. మిద్దెకు మన్ను మోసిన మనిషికి ఆ ఇంటి లోపలి గూడు చూసే భాగ్యం తరచు లేకపోయింది. సంక్రాంతి ముగ్గుల పోటీలో ఆడవారి పనికి బహుమతి దొరుకుతుంది. అయితే అది పండుగ నాటి గౌరవం. మిగతా దినాల ఊడ్పుకు, అలుకుకు లెక్క లేదు.

తరువాత రాయి వచ్చింది. రాయి కింద ఎప్పుడూ వున్నదే. భూగర్భ శాఖకు చెందిన విలియం కింగ్ 1872లో ఈ శిలలను వర్ణించిన గ్రంథం వెలువడింది. బనగానపల్లె, అవుకు, పాణ్యం, కోవెలకుంట్ల, నంద్యాల పేర్లు నేటికీ శాస్త్రంలో ఇక్కడి రాతి పొరలకు వాడుకలో వున్నవి. బేతంచెర్ల నాపరాయి పాలిషు పట్టి మధ్యతరగతి ఇళ్లలో నేలగా పరచుకున్నది. నల్ల కడపరాయి వంటింటి బండ అయినది. వెనుక పాలరాయి, గ్రానైటు, టైల్సు వచ్చేసరికి అదే నాపరాయి పేదరాయిగా లెక్కకు వచ్చింది. రాయి మారలేదు, చూసే కన్ను మారింది. ఆ కంటిని మార్చినది ఎవరు? ప్రకటనలు, సినిమాల సెట్టింగులు, ఇప్పుడు ఈ పోటీలు.

ఇక్కడ ప్రేక్షకుని కూడా విమర్శించక తప్పదు. జనాభిప్రాయమంతా వివేకమని నమ్మితే మనల్ని మనం మోసగించుకున్నట్లే. ఆకుపచ్చ గోడ కోరిన అమ్మాయి తప్పు చేయలేదు. తనకంటూ ఒక గది కావాలనుకోవడం మా సీమ ఆడపిల్లలకు ఆలస్యంగా వచ్చిన హక్కు. అయితే ఆమె కోరిక తెర చూపించిన మేరకే ఆగిపోతున్నది. తెర ఏమి చూపించదో కూడా అడగాలి.

అది చూపించనిది ధూళి. వంటగది అరుగుల మీద పరిచే కృత్రిమ శిలాఫలకాలు కొన్ని దశాబ్దాలుగా ధనిక దేశాలలో బాగా అమ్ముడయినవి. వాటిలో సిలికా నూటికి తొంభై పాళ్లకు మించి కూడా వుంటుంది. కోసినప్పుడు లేచే సన్నని దుమ్ము ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ తెస్తుంది. ఆ జబ్బు వచ్చిన ఊపిరితిత్తులు తిరిగి మామూలు కావు. ఆస్ట్రేలియాలో యువకులైన రాతి పనివారు ఈ జబ్బున పడగా, కార్మిక సంఘాలు, వైద్యులు పట్టుబట్టారు. 2024 జూలై 1 నుంచి ఆ ఫలకాల తయారీని, సరఫరాను, అమరికను ఆ దేశం నిషేధించింది. ‘ది బ్లాక్’ నడిచే దేశం అదే. మెరిసే అరుగులకు చప్పట్లు కొట్టిన దేశం చివరకు ఆ మెరుపుకు చెల్లించిన మూల్యాన్ని లెక్కించవలసి వచ్చింది.

గ్రానైటులోనూ సిలికా వున్నది. ఆళ్ళగడ్డ శిల్పశాలలలో దేవుళ్ల విగ్రహాలు, నాయకుల విగ్రహాలు తయారవుతవి. అక్కడ ఉలి స్థానంలో కోత యంత్రం తిరిగినప్పుడల్లా తెల్లని పొగలాగా దుమ్ము లేస్తుంది. ముక్కుకు తువ్వాలు చుట్టుకోవడం ఆ సన్నని ధూళికి చాలిన రక్షణ కాదు. నీరు పోస్తూ కోయడం, ధూళిని పీల్చే యంత్రం, తగిన ముసుగు, ఏటేటా ఊపిరితిత్తుల పరీక్ష — ఇవి కనిపెట్టవలసిన సంగతులు కావు, అమలు జరగవలసినవి.

కాబట్టి ఈ పోటీలను చూడవద్దని నేను అనను. రంగు, వెలుగు, అమరిక పేదవానికి కూడా కావాలి. అందం మీద హక్కు ధనవంతునికి రాసి ఇచ్చినది కాదు. కాని మార్కులు వేసేవారి పలకలో లేని ప్రశ్నలను మన ప్రేక్షకులు విడిచిపెట్టరాదు. మా పెద్దమ్మ ప్రశ్న ఇంటి చాకిరీ గురించి, మేస్త్రి ప్రశ్న వస్తువు మన్నిక గురించి, శిల్పి ప్రశ్న శ్రమకు దక్కవలసిన పేరు గురించి. గృహకళను గురించి విమర్శ రాసేవారు ఈ మూడింటి నుంచే మొదలుపెట్టాలి. ఆళ్ళగడ్డలో రాయి కోసే మనిషి ఊపిరి గురించిన నాలుగో ప్రశ్న ఇంకా గట్టిగా ఎవరూ అడగలేదు. అది అడగవలసిన వారిలో ఆ రాయిని ఇంట పరచుకున్న మనమందరమూ వున్నాము.