తెలుగు జానపద చలనచిత్రాల్లో కల్పిత రాజ్యాలు: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగు చలనచిత్రాల్లో 'జానపదం' అని పిలిచే శాఖకు కల్పిత రాజ్యమే రంగస్థలం. ఈ రాజ్యాలను సాధారణంగా కాలక్షేపపు ఊహలుగా పరిగణించి పక్కన పెట్టడం జరుగుతోంది. అయితే ఇవి విస్తృతంగా వెలసిన కాలం, సంస్థానాలూ జమీందారీలూ అంతరించిన కాలం ఒకటే. ఈ కాలసామ్యాన్ని ఆధారం చేసుకొని కల్పిత రాజ్యాల నామకరణం, నిర్మాణం, భాష, రాజ్యాధికార భావన అనే అంశాలను 'కీలుగుర్రం' (1949) మొదలు 'బాహుబలి' (2015, 2017) వరకు ఎంపిక చేసిన చిత్రాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: జానపద చిత్రం, కల్పిత రాజ్యం, రాజరికం, పాతాళభైరవి, మల్లీశ్వరి, మాహిష్మతి.

1. ఉపోద్ఘాతం:

తెలుగు చిత్రాలను పౌరాణికం, చారిత్రకం, జానపదం, సాంఘికం అని నాలుగు శాఖలుగా విభజించడం పరిపాటి. వీటిలో 'జానపదం' అనే పేరు జానపద విజ్ఞానంలోని అర్థంలో వాడినది కాదు. ఈ చిత్రాల కథలన్నీ జనం నోట సేకరించినవీ కావు. మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీ మజిలీ కథలు', అరబ్బీ పారసీక కథలు, ఇతర భాషల చిత్రాలు, షేక్స్పియర్ నాటకాలు వీటికి మూలాలుగా ఉన్నాయి. 'జనపదం' అంటే దేశం. జనం అడుగుపెట్టి నివసించే నేల. ఆ మాట నుంచి పుట్టిన పేరు గల చిత్రశాఖ, ఏ దేశపటంలోనూ కనిపించని నేలను తన రంగస్థలంగా ఎంచుకోవడం గమనించదగిన విషయం.

పౌరాణికానికి పురాణం, చారిత్రకానికి శాసనమో, కైఫీయతో, జనశ్రుతో ఆధారం. సాంఘికానికి సమకాలీన జీవితం ఆధారం. జానపదానికి ఇటువంటి ఆధారం అవసరం లేదు. ఈ స్వేచ్ఛను చిత్రకర్తలు దేనికి వినియోగించుకున్నారు, ఏ హద్దు దగ్గర ఆగిపోయారు అన్నదే ఈ వ్యాసం ఎదుట ఉన్న ప్రశ్న.

2. రాజ్యాల పేర్లు:

కల్పిత రాజ్యాల పేర్లు స్థూలంగా మూడు విధాలు. మొదటిది, ప్రాచీన గ్రంథాల్లో ప్రసిద్ధమైన నగరం పేరును మాత్రమే తీసుకొని, దాని చరిత్రను వదిలివేయడం. 'పాతాళభైరవి' (1951)లోని ఉజ్జయిని ఇటువంటిది. విక్రమార్క కథలు విన్న ప్రేక్షకుడికి ఆ పేరు చెప్పగానే సాహసం, మంత్రం, భేతాళం స్ఫురిస్తాయి. మాళవదేశపు రాజకీయ చరిత్రతో చిత్రానికి పనిలేదు. రెండవది, 'గిరి', 'పురం', 'కోట' వంటి ఉత్తరపదాలతో ఎక్కడైనా ఉండవచ్చు అనిపించే పేరు పెట్టడం. 'జగదేకవీరుని కథ' (1961)లో నాయకుడు ఉదయగిరి రాకుమారుడు. నెల్లూరు సీమలో ఉదయగిరి దుర్గం ఉంది. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి దానిని జయించాడు. చిత్రంలోని ఉదయగిరికి ఆ దుర్గంతో సంబంధం లేదు. మూడవది, పాతాళం, నాగలోకం, మాంత్రికుడి గుహ, దీవి వంటి అన్యలోకాలు. ఇవి రాజ్యాలు కావు. రాజ్యానికి అవతలి హద్దులు. నాయకుడు అక్కడికి వెళ్ళి, సాధించి, తిరిగి రాజ్యానికే వస్తాడు.

ఈ పట్టికలో లేనివి ముఖ్యమైనవి. ఓరుగల్లు, రాజమహేంద్రవరం, విజయనగరం, గోలకొండ వంటి తెలుగువారి రాజధానులు జానపద చిత్రాలకు సాధారణంగా రంగస్థలాలు కాలేదు. 'పల్నాటి యుద్ధం' (1947), 'మల్లీశ్వరి' (1951), 'తెనాలి రామకృష్ణ' (1956), 'బొబ్బిలి యుద్ధం' (1964) వంటి చారిత్రక చిత్రాలు ఆ నేలను తమవిగా చేసుకున్నాయి. తెలిసిన నేల మీద కథ నడిపితే తెలిసిన రాజుకు లోబడాలి. ఆ రాజు పదవి మరొకరికి దక్కినట్లు చెప్పడం చారిత్రక చిత్రానికి సాధ్యం కాదు.

3. 1951: తోటరాముడు, నాగరాజు:

ఈ భేదం 1951లో వెలువడిన రెండు చిత్రాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. కె.వి. రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ నిర్మించిన 'పాతాళభైరవి' ఆ సంవత్సరం మార్చిలోనూ, బి.ఎన్. రెడ్డి దర్శకత్వంలో వాహినీ సంస్థ నిర్మించిన 'మల్లీశ్వరి' డిసెంబరులోనూ విడుదలయ్యాయి. రెండింటిలోనూ నాయక పాత్రధారి ఎన్.టి. రామారావు. రెండింటిలోనూ నాయకుడు సామాన్యుడు. ఒకడు తోటమాలి కొడుకు, మరొకడు శిల్పి.

'మల్లీశ్వరి'లో రాజు శ్రీకృష్ణదేవరాయలు. నాగరాజు వేళాకోళంగా అన్న మాట పట్టుకొని రాయలు పంపిన పల్లకి మల్లీశ్వరిని రాణివాసానికి చేరుస్తుంది. అక్కడి నుంచి ఆమె తన ఇచ్ఛ మేరకు బయటికి రావడానికి వీలులేదు. ఆమెను కలుసుకోబోయిన నాగరాజు నేరస్థుడై శిక్షకు గురవుతాడు. రాజు దుర్మార్గుడు కాడు, రసికుడు, ఉదారుడు. అయినా కథ అంతా ఆయన అనుగ్రహం మీదనే ఆధారపడి ఉంది. చివరకు లభించేది క్షమాభిక్ష మాత్రమే.

'పాతాళభైరవి'లో కథ ఇందుకు విరుద్ధమైన దారిలో నడుస్తుంది. ఉజ్జయిని రాకుమారిని ప్రేమించిన తోటరాముడికి రాజు పెట్టిన నిబంధన ఐశ్వర్యం. వంశం ప్రస్తావన లేకుండా సంపదను కొలమానం చేయడంతోనే సింహాసనానికి ఒక తలుపు తెరుచుకుంది. నేపాళ మాంత్రికుడు తనను బలి ఇవ్వదలచాడని గ్రహించిన రాముడు వాడినే బలి ఇచ్చి, పాతాళభైరవి ప్రతిమను పొంది, రాజభవనానికి దీటైన భవనాన్ని నిలబెడతాడు. బతికివచ్చిన మాంత్రికుడు ఆ ప్రతిమను కాజేసినప్పుడు భవనమూ రాకుమారీ మాయమవుతారు. మళ్ళీ సాధించుకోవడానికి రాముడికి మిగిలింది తన సాహసం, స్నేహితుడి తోడు మాత్రమే.

చారిత్రక రాజ్యంలో సామాన్యుడు ప్రాణం దక్కించుకున్నాడు. కల్పిత రాజ్యంలో రాజు అల్లుడయ్యాడు. ఒకే నటుడు, ఒకే సంవత్సరం, ఒకే ప్రేక్షక సమూహం ఉన్నప్పుడు ఈ తేడాను రంగస్థలమే నిర్ణయించిందని భావించవచ్చు. కల్పిత రాజ్యం ఇచ్చిన స్వేచ్ఛకు ఇది తొలి నిదర్శనం.

4. కాలసందర్భం:

ఈ స్వేచ్ఛకు అప్పటి చరిత్రతో సంబంధం ఉంది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది; మరుసటి సంవత్సరం అక్కడ జాగీర్ల రద్దు మొదలైంది. మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దుకు 1948లో చట్టం చేశారు. 1950లో గణతంత్ర రాజ్యాంగం అమలులోకి వచ్చింది. 1952 నాటికి వయోజనులందరికీ ఓటు హక్కు దక్కింది. తెలుగు ప్రేక్షకులు రాజులనూ దొరలనూ జ్ఞాపకంలోకి పంపుతున్న సంవత్సరాల్లోనే తెరమీద రాజులు పెరిగారు.

'కీలుగుర్రం' ఈ సంధికాలానికి మంచి ఉదాహరణ. దాని దర్శక నిర్మాత మీర్జాపురం రాజా స్వయంగా జమీందారు. జమీందారీలకు కాలం చెల్లుతున్న రోజుల్లో ఒక జమీందారు, రాక్షసి మాయలో పడిన రాజు కథను, నిరపరాధియైన రాణి కథను, వారి కొడుకు సాధించిన న్యాయం కథను తెరకెక్కించాడు. ఇక్కడ రాజ్యానికి పట్టిన చీడ బయటి నుంచి వచ్చింది. రాజరికంలో లోపం లేదు. సరైన వారసుడు వస్తే అంతా చక్కబడుతుంది.

పోల్చవలసిన మరొక చిత్రం గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో వచ్చిన 'రైతుబిడ్డ' (1939). తెలిసిన నేల మీద, సమకాలంలో, జమీందారీ పీడనను చూపిన ఆ చిత్రం జమీందారుల ఆగ్రహానికీ నిషేధానికీ గురైంది. పన్నుల భారం, సైనికుల దౌర్జన్యం, ఆకలిగొన్న ప్రజలు వంటి దృశ్యాలు తరువాతి జానపద చిత్రాల్లో నిరాటంకంగా కనిపించాయి. బి. విఠలాచార్య 'బందిపోటు' (1963)లో నాయకుడు దోపిడీదారులను దోచి పేదలకు పంచుతాడు. ఊరూ పేరూ లేని రాజ్యంలో జరిగిన అన్యాయం మీద ఎవరూ అభ్యంతరం చెప్పరు. అయితే ఆ అన్యాయానికి బాధ్యులనూ ఎవరూ గుర్తుపట్టరు. కల్పన ఇచ్చిన రక్షణకు చెల్లించిన మూల్యం ఇదే.

5. రాజ్య నిర్మాణం:

తెరమీది రాజ్యానికి పూర్వరూపం నాటకరంగంలో ఉంది. 1885లో కడప సీమలో మొదలైన సురభి నాటక సమాజాలు చిత్రించిన తెరలతో దర్బారు, ఉద్యానం, అడవి, పాతాళం అనే స్థిరమైన స్థలాలను ప్రేక్షకులకు అలవాటు చేశాయి. 'పాతాళభైరవి'లో తోటరాముడి తల్లిగా సురభి కమలాబాయి నటించడం ఈ వారసత్వానికి ఒక గుర్తు. మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణం, మాధవపెద్ది గోఖలే, కళాధర్‌ల కళాదర్శకత్వం ఆ చిత్రించిన తెరలకు లోతును, వెలుగునీడలను కల్పించాయి.

అచ్చు మాధ్యమం కూడా ఇందుకు తోడ్పడింది. విజయా సంస్థ అధిపతులు నాగిరెడ్డి, చక్రపాణులే 1947 జూలైలో 'చందమామ'ను స్థాపించారు. కోటబురుజులు, దర్బారులు, మాంత్రికుల గుహలతో నిండిన ఆ బొమ్మలు పాఠకుడికి పరిచయం చేసిన లోకమే వెండితెర మీద కదిలింది.

వ్యాపార కారణమూ ఉంది. అప్పటి తెలుగు చిత్రాలకు కేంద్రం మద్రాసు. 'పాతాళభైరవి', 'రాజమకుటం' (1960) తెలుగు, తమిళ భాషలు రెండింటిలోనూ తయారయ్యాయి. ఏ ఒక్క ప్రాంతానికీ చెందని రాజ్యం ఏ భాషలోనైనా ఇమిడిపోతుంది. విఠలాచార్య వంటి వారు ఒకే సెట్టును చిన్న మార్పులతో మళ్ళీ మళ్ళీ వాడి, తక్కువ ఖర్చుతో ఎన్నో రాజ్యాలను నిలబెట్టారని ప్రసిద్ధి. దీనివల్ల రాజ్యాలన్నీ ఒకే పోలికతో ఉండి, ప్రేక్షకుడు వాటిని ఒకే దేశంగా భావించే స్థితి ఏర్పడింది.

6. భాష, సరిహద్దు:

కల్పిత రాజ్యంలో ఎవరు మనవారు, ఎవరు పరాయివారు అన్నది భాష తెలుపుతుంది. ఉజ్జయినిలో రాజు, తోటమాలి, మాంత్రికుడు అందరూ మాట్లాడేది తెలుగే. పింగళి నాగేంద్రరావు మాంత్రికుడి నోట పలికించిన 'డింభక', 'డింగరి' వంటి మాటలు విచిత్రంగా ధ్వనిస్తాయి గాని అర్థంకాక పోవు. అందుకే అవి థియేటరు దాటి వాడుకలోకి వచ్చాయి. మాంత్రికుడు నేపాళం వాడైనా భాషలో పరాయివాడు కాడు.

'బాహుబలి'లో కాలకేయులకు మదన్ కార్కీ సుమారు 750 పదాలతో 'కిలికి' అనే కొత్త భాషను కల్పించాడు. ఇక్కడ భాష అర్థం కాకపోవడమే శత్రుత్వానికి చిహ్నం. నల్లని మేనిఛాయతో, అనాగరికులుగా కాలకేయులను చిత్రించిన తీరు విమర్శకు గురైంది. 1951లో చెడు రాజ్యం లోపలికి మాటకారితనంతో ప్రవేశించింది. 2015లో అది సరిహద్దు బయట సైన్యమై నిలిచింది.

7. మాహిష్మతి:

1970 తరువాత సాంఘిక చిత్రాల ప్రాబల్యంతో జానపదం తగ్గింది. కె.వి. రెడ్డి వద్ద శిక్షణ పొందిన సింగీతం శ్రీనివాసరావు 'భైరవద్వీపం' (1994)తో ఆ సంప్రదాయాన్ని పునరుద్ధరించాడు. ఎస్.ఎస్. రాజమౌళి 'మగధీర' (2009)లో ఉదయ్‌ఘడ్ అనే రాజ్యానికి 1609 అనే సంవత్సరాన్ని జోడించాడు. కాలాతీతమైన జానపద రాజ్యానికి తేదీ వేయడం కొత్త ధోరణి.

'బాహుబలి'లోని మాహిష్మతి, కుంతల, కాలకేయ నామాలు మూడూ ప్రాచీనమైనవే. మాహిష్మతి నర్మదా తీరాన హైహయ కార్తవీర్యార్జునుడి రాజధానిగా పురాణ ప్రసిద్ధం. కుంతలం నేటి కర్ణాటక ప్రాంతంలోని ప్రాచీన దేశం. కాలకేయులు మహాభారతంలోని దానవులు. పేరు తీసుకొని చరిత్రను వదిలివేసే ఉజ్జయిని పద్ధతే ఇది. కాని నిర్మాణ విస్తృతి, వంశచరిత్ర, రాజధర్మ ప్రసంగాలు దీనికి చరిత్ర గాంభీర్యాన్ని కల్పించాయి.

కథాకేంద్రం కూడా మారింది. జన్మహక్కు అనే ఇతివృత్తం కొత్తది కాదు. 'కీలుగుర్రం', 'రాజమకుటం' చిత్రాల్లోనూ ఉన్నదే. కొండజాతి గూడెంలో పెరిగిన శివుడు తాను రాజవంశీయుడని తెలుసుకొని సింహాసనాన్ని పొందడం ఆ ధోరణికి కొనసాగింపు. తరతరాల ప్రమాణానికి కట్టుబడిన కట్టప్ప బానిసత్వం దుఃఖకారణంగా కనిపిస్తుంది గాని, ఆ ప్రమాణాన్ని కోరే సింహాసనం ప్రశ్నకు గురికాదు. కనుక తోటరాముడే మినహాయింపు, వారసుడే నియమం.

8. ముగింపు:

కల్పిత రాజ్యం తెలుగు ప్రేక్షకుడికి రెండు పరస్పర విరుద్ధ సౌకర్యాలను కల్పించింది. రాజరికం పోయిన కాలంలో రాజును చూసే అవకాశం ఒకటి. సామాన్యుడే రాజు కాగలడన్న ఊహ మరొకటి. 1982లో పార్టీ స్థాపించి 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయిన ఎన్.టి. రామారావు ప్రజాదరణను చర్చించేటప్పుడు రాముడు, కృష్ణుడు వంటి పౌరాణిక పాత్రలనే ఎక్కువగా ప్రస్తావిస్తుంటారు. తోటరాముడి నుంచి బందిపోటు వరకు ఉన్న జానపద పాత్రలను కూడా ఆ చర్చలో చేర్చవలసి ఉంది. దేవుడిగా కనిపించిన నటుడే, పేదవాడిగా పుట్టి కోటకు చేరిన వాడిగానూ కనిపించాడు.

ఇక పరిశోధకులకు ఒక హెచ్చరిక. ఉజ్జయినిని చూసినవారు దానిని మాళవ చరిత్రగా భావించలేదు. మాహిష్మతి విషయంలో కల్పనకూ చరిత్రకూ మధ్య గీత పలచబడుతోంది. కల్పిత రాజ్యాలు గతానికి సాక్ష్యాలు కావు. వాటిని కల్పించిన కాలానికి సాక్ష్యాలు. ఆ దృష్టితో చదివినప్పుడే, దేశపటంలో లేని ఆ నేల తెలుగు సమాజ చరిత్రలో తనకు తగిన స్థానాన్ని పొందుతుంది.