పొటాషియం లోపం: నర్సింగ్ సంరక్షణ

రక్తంలో పొటాషియం లీటరుకు 3.5 మిల్లీమోల్‌ల కంటే తగ్గిన రోగికి నర్సులు అందించే సంరక్షణ ఇది. వాంతులు, విరేచనాలు, ఫ్యూరోసెమైడ్ వంటి మూత్రం ఎక్కువ చేసే మందులు ఈ లోపానికి ముఖ్య కారణాలు. నీరసం, పిక్కలు పట్టేయడం, కడుపుబ్బరం, గుండెదడ కనిపిస్తాయి. ఈసీజీలో టీ తరంగం చదునవుతుంది, యూ తరంగం బయటపడుతుంది. డిగాక్సిన్ వాడేవారికి ఆ మందు విషప్రభావం పెరుగుతుంది కనుక వారి నాడిని మరింత శ్రద్ధగా చూడాలి.

లోపం స్వల్పమైతే పొటాషియం క్లోరైడ్ సిరప్‌ను నీళ్లలో కలిపి భోజనం తర్వాత ఇస్తారు. తీవ్రమైతే పొటాషియం క్లోరైడ్ ఇంజెక్షన్‌ను సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు. నర్సు బాధ్యత అన్నిటికన్నా బరువయ్యేది ఇక్కడే. ఈ మందును పలుచన చేయకుండా సిరంజితో నేరుగా నరంలోకి ఇస్తే గుండె ఆగిపోతుంది. ఆంప్యూల్ చూడటానికి డిస్టిల్డ్ వాటర్‌లాగే ఉంటుంది. దాన్ని మామూలు మందుల ట్రేలో ఉంచడం క్షమించరాని నిర్లక్ష్యం. 15 శాతం ద్రావణం 10 మి.లీ.లో 20 మిల్లీమోల్‌లు ఉంటాయి. చేతి నరం ద్వారా సాధారణంగా గంటకు 10 మిల్లీమోల్‌లు మించనివ్వరు. అంతకు మించిన వేగానికి గుండె మానిటర్ తప్పనిసరి. మందు కలిపాక సీసాను పలుమార్లు తలకిందులు చేయాలి, లేకుంటే అడుగున చేరిన గాఢమైన మందే ముందుగా ఎక్కుతుంది. రెండో నర్సు మోతాదు సరిచూడాలి.

మూత్రం సరిగా రాని రోగిలో పొటాషియం పేరుకుపోతుంది కనుక ఎక్కించే ముందే మూత్రం లెక్క చూస్తారు. “సిస్టరమ్మా, చెయ్యి మండుతోంది” అని రోగి అంటే సర్దిచెప్పకుండా సూది చోటు పరీక్షించాలి. మెగ్నీషియం కూడా తగ్గి ఉంటే, దాన్ని సరిచేసేదాకా పొటాషియం నిలకడగా పెరగదు.