మోడలింగ్ అంటే ఏంటి? అమీర్‌పేట్, పంజాగుట్టలో అసలు సంగతి

డయానా హెడెన్ 1973లో హైదరాబాద్‌లో పుట్టింది. చదువుకునే వయసులో తల్లిదండ్రులు విడిపోయారు, పదమూడేళ్లకే పనిలోకి వెళ్లాల్సి వచ్చింది. అదే అమ్మాయి 1997లో సీషెల్స్‌లో మిస్ వరల్డ్ అయింది. రీటా ఫారియా (1966), ఐశ్వర్యా రాయ్ (1994) తర్వాత ఆ కిరీటం గెలిచిన మూడో భారతీయురాలు. కష్టాల్లో పెరిగిన పిల్లలకు ఈ కథ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. అయితే ఒక ముక్క వదిలేస్తారు. కిరీటానికి ముందు ఆమె ఈవెంట్ మేనేజ్‌మెంట్ కంపెనీలో, ఆ తర్వాత మ్యూజిక్ కంపెనీలో ఉద్యోగం చేసింది.

మైత్రీవనం చుట్టూ ఉన్న హాస్టళ్లలో సాఫ్ట్‌వేర్ కోర్సుకని వచ్చినవాళ్ల మధ్య మోడలింగ్ ఆశతో వచ్చినవాళ్లూ ఉంటారు. సినిమావాళ్లుండే యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ పక్కనే కదా. కానీ ఇక్కడ మొదట దొరికేది ర్యాంప్ కాదు. పంజాగుట్ట, అమీర్‌పేట్ బట్టల షాపుల కేటలాగ్, నగల హోర్డింగ్, ఇన్‌స్టా రీల్. పొద్దున్నే మేకప్‌కి కూర్చుంటే సాయంత్రం దాకా చీర మీద చీర మార్చడమే. డబ్బులు ఆ రోజే చేతికొస్తాయన్న గ్యారంటీ లేదు. పెళ్లిళ్ల సీజన్, పండగల ముందు పని, తర్వాత ఖాళీ. అందుకే డిగ్రీయో, పార్ట్‌టైం ఉద్యోగమో వదలకూడదు.

అసలు ప్రమాదం వేరే ఉంది. వెనక అడిగేవాళ్లు లేరని తెలిసిన పిల్లల దగ్గరికే కొందరు "కోఆర్డినేటర్లు" వస్తారు. హాస్టల్ అద్దె కడతారు, అడ్వాన్స్ ఇస్తారు, "నీ అన్నలాంటోణ్ణి" అంటారు. ఆ అప్పు చూపించి తర్వాత వద్దన్న పని చేయిస్తారు. ఇంకొందరు రిజిస్ట్రేషన్ ఫీజనీ, వాళ్లు చెప్పిన స్టూడియోలోనే పోర్ట్‌ఫోలియో తీయించుకోవాలనీ అంటారు. నిజమైన ఏజెన్సీ పని ఇప్పించి, అందులోంచి కమీషన్ తీసుకుంటుంది. మొదట్లో మేకప్ లేకుండా, వెలుతురులో ఫోన్‌తో తీసిన నాలుగు ఫొటోలు చాలు. హోటల్ గదిలో ఆడిషన్ అంటే వెళ్లనక్కర్లేదు.

మన ఇళ్లల్లో ఈ మాటెత్తితేనే గొడవ. ఇష్టం లేదని చెప్పే హక్కు అమ్మీ అబ్బాలకు ఉంది. కానీ తిట్లకు భయపడి దొంగచాటుగా వెళ్లిన పిల్ల, ఇబ్బందిలో పడ్డా ఇంట్లో చెప్పదు. షరతులు పెట్టాలంటే కాగితం మీద పెట్టాలి. కెన్యాలోని కాకుమా శరణార్థి శిబిరంలో పుట్టిన హలీమా ఏడెన్ 2017లో ఐఎంజీ మోడల్స్‌తో ఒప్పందం చేసుకున్నప్పుడు హిజాబ్ తీయనన్న షరతు రాయించుకుంది. అయినా పని ఒత్తిడిలో తన పద్ధతి పక్కకు పోతోందని 2020 నవంబర్‌లో ఫ్యాషన్ షోల నుంచి తప్పుకుంది. అంత పేరున్న మనిషికే అలా అయింది.

ఒప్పందంలో ఏ బట్టలు, ఎన్ని గంటలు, ఫొటోలు ఎక్కడ ఎన్నాళ్లు వాడతారు, డబ్బు ఏ తేదీకి అనేవి ఉండాలి. టీడీఎస్ కోస్తే సర్టిఫికెట్ అడగండి.

పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని యాడ్‌కి పంపేవారికి చట్టం వేరే ఉంది. జిల్లా కలెక్టర్ అనుమతి కావాలి. రోజుకు ఐదు గంటలు మించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరుమీద జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి.

ఎవరైనా ఫొటోలతో బెదిరిస్తే 1930 సైబర్ హెల్ప్‌లైన్‌కి, వేధిస్తే షీ టీమ్స్‌కి లేదా 181కి ఫోన్ చేయండి. చాట్లు డిలీట్ చేయొద్దు, అవే సాక్ష్యం.