బైలదిల్లా గనులలో ప్రసూతి సెలవు

బస్తరు పేరు వినగానే తెలుగువారికి కాకతీయులు జ్ఞప్తికి వత్తురు. ఓరుగల్లు పతనానంతరము ప్రతాపరుద్రుని సోదరుడగు అన్నమదేవుడు గోదావరి దాటి, దంతేశ్వరీదేవి సన్నిధిని రాజ్యము స్థాపించెనని అచటి రాజవంశపు ఐతిహ్యము. ఆ సంస్థానము 1948 జనవరి 1వ తేదీన సెంట్రల్ ప్రావిన్సులలో విలీనమయ్యెను. ఇరువది యేండ్లు గడచులోపల తెలుగుదేశమునకును బస్తరునకును మరియొక బంధము ముడివడెను. అది ఇనుపబంధము.

ఎద్దుమూపురము వలె కనిపించుటచే బైలదిల్లా అని పేరొందిన కొండవరుసలో 14 ఇనుపఖనిజ నిక్షేపములు గుర్తింపబడినవి. జపాను ఉక్కు కర్మాగారములకు ఖనిజము సరఫరా చేయుటకు 1960లో ఒడంబడిక కుదిరెను. 1958లో ఏర్పడిన జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ గనుల భారమును వహించెను. ఖనిజమును విశాఖపట్టణపు రేవునకు చేర్చుటకై కొత్తవలస నుండి అరకులోయ మీదుగా కిరండూలు వరకు, సుమారు 450 కిలోమీటర్ల రైలుమార్గము వేసిరి. 1968లో 14వ నిక్షేపమున ఉత్పత్తి ఆరంభమయ్యెను. బండ్లు ఖనిజముతో దిగివచ్చుచుండగా, పని వెదకుకొను జనము ఆ దారినే ఎగువకు సాగెను. నేటికిని కిరండూలు, బచేలీ ఊళ్లలో తెలుగుమాట వినవచ్చుచున్నదన్న అందు వింతయేమి?

ఈ గనులు తెరచునాటికి ప్రసూతి సెలవు చట్టము సిద్ధముగనే యుండెను. దాని వెనుక నలువది యేండ్ల వాదోపవాదములు గలవు. 1919లో వాషింగ్టనులో జరిగిన అంతర్జాతీయ కార్మిక సమావేశము కాన్పునకు ముందు ఆరువారములు, తరువాత ఆరువారములు విశ్రాంతి ఉండవలెనని తీర్మానించెను. 1924లో ఎన్.ఎం. జోషీ కేంద్ర శాసనసభలో అట్టి బిల్లును ప్రవేశపెట్టగా అది వీగిపోయెను. పిమ్మట బొంబాయి 1929లోను, సెంట్రల్ ప్రావిన్సులు 1930లోను, మద్రాసు 1934లోను తమతమ చట్టములు చేసికొనెను. బస్తరు అప్పటికి సంస్థానము గావున పొరుగున నున్న సెంట్రల్ ప్రావిన్సుల చట్టము దానికి వర్తింపలేదు. గనులకు ప్రత్యేకముగా 1941లో కేంద్ర చట్టము వచ్చెను.

ఈ వాదములన్నింటి నడుమ అసలు ప్రశ్న ఒక్కటే: సెలవుకాలపు కూలి ఎవరు చెల్లింపవలెను? 1928లో బొంబాయి శాసనమండలిలో డాక్టరు అంబేద్కరు ఈ ప్రశ్ననే ఎత్తుకొనెను. తల్లికి విశ్రాంతి నిచ్చుట జాతికి మేలు గనుక ఆ భారములో అధికభాగము ప్రభుత్వమే వహింపవలెననియు, అయినను స్త్రీల శ్రమచే లాభపడు యజమాని తన పాలు తాను ఇచ్చుట న్యాయమే యనియు ఆయన అభిప్రాయము. అందు రెండవ సగమునే శాసనకర్తలు గ్రహించిరి. మొదటి సగము మరుగునపడెను.

1961 ప్రసూతి ప్రయోజన చట్టము గనులకు 1963 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చెను. అది 12 వారముల సెలవును, సగటు దినకూలి గాని రోజునకు ఒక్క రూపాయి గాని ఏది హెచ్చైన దానినిచ్చెను. గర్భస్రావమునకు ఆరువారములు. ఉచితముగా వైద్యసహాయము కల్పింపనిచో 25 రూపాయలు. బిడ్డకు 15 మాసములు నిండువరకు దినమునకు రెండుసార్లు పాలిచ్చుటకు విరామము. సెలవులో నున్న తల్లిని పనినుండి తొలగించుట నేరము. కాగితముపై ఇంతకంటె ఉదారమైన శాసనమును ఆకాలమున ఊహించుట కష్టము.

ఫ్యాక్టరీ కార్మికులకు 1948 నాటి రాజ్యబీమా చట్టము వేరొక మార్గము చూపెను. అందు యజమానియు, పనివాండ్రును చందా చెల్లింతురు. ప్రసూతి సొమ్ము బీమానిధి నుండి వచ్చును. పనిలో స్త్రీలు పదిమంది యున్నను నూరుమంది యున్నను యజమాని చందాలో భేదముండదు. అయితే ఆ చట్టము గనులను తన పరిధి నుండి మినహాయించెను. కావున బైలదిల్లాలో కాన్పు ఖర్చు యావత్తు యజమాని సంచినుండియే రావలసియుండెను. స్త్రీని పనిలో పెట్టుకొనుటయే ఖర్చుతో కూడినదను భావము యజమానులలో పుట్టుటకు ఇంతకు మించిన కారణమేల?

రెండవ చిక్కు మస్టరులో నున్నది. చట్టప్రకారము కాన్పునకు ముందటి పండ్రెండు మాసములలో 160 దినములు పనిచేసియుండవలెను. సంస్థ నౌకరికి ఇది లెక్కలోనిది కాదు. కంట్రాక్టరు క్రింది కూలికి ఇదియే పర్వతము. చేతిపని గనులలో సామాన్యముగా మగడు గడ్డపారతో త్రవ్వ, భార్య రాళ్లేరి గంపకెత్తును. కూలి కొలతను బట్టి ఇద్దరికి కలిపి వచ్చును. మస్టరులో పేరు తరచుగా మగనిదే. కంట్రాక్టరు మారినచో దినముల లెక్క మరల మొదటికి వచ్చును. పేరే లేనిచో 160 దినములను రుజువు చేయుటెట్లు?

ఇంతలో యంత్రములు వచ్చెను. 1952 గనుల చట్టము స్త్రీలను భూగర్భమున గాని, ఉపరితలమున ఉదయము 6 గంటలకు ముందు, సాయంకాలము 7 గంటల తరువాత గాని పనిచేయనీయకుండెను. మూడు షిఫ్టులలో నడచు యంత్రపు గనిలో ఈ రక్షణయే స్త్రీకి అడ్డుగోడ యయ్యెను. చేతిపని కూలీలను తొలగించుటపై చెలరేగిన ఆందోళనలో, 1978 ఏప్రిల్ 5న కిరండూలులో పోలీసులు కాల్పులు జరుపగా కొందరు ప్రాణములు గోల్పోయిరి. నాడు పని పోయిన వేలాది కంట్రాక్టు కూలీలలో స్త్రీలును ఉండిరి. ఉద్యోగమే పోయినచోట సెలవు హక్కును గూర్చి మాటలాడు అవసరమే లేకపోయెను.

శాసనము మాత్రము క్రమముగా మెత్తబడుచు వచ్చెను. 1988 సవరణ 160 దినములను 80కి తగ్గించెను. ఢిల్లీ నగరపాలక సంస్థలో మస్టరు రోలుపై దినకూలికి పనిచేయు స్త్రీలకును ఈ హక్కు గలదని 2000 మార్చి 8న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ తీర్పు వచ్చునాటికి బైలదిల్లా చేతిపని కూలీలు చెదరిపోయి రెండు దశాబ్దములు దాటెను.

కేంద్రప్రభుత్వ నౌకరుల స్థితి ఇందుకు భిన్నము. 1972 సెలవు నిబంధనల క్రింద వారికి లభించు ప్రసూతి సెలవు 1997లో 90 దినముల నుండి 135కును, 2008 సెప్టెంబరు నుండి 180కిని పెరిగెను. 1997 నుండి తండ్రికి సైతము 15 దినములు లభించుచున్నవి. ఈ జీతము ఖజానా నుండి వచ్చునే గాని ఏ శాఖాధికారి జేబు నుండియు రాదు. అందుచే ఖర్చునకు వెరచి స్త్రీని నియమింప నిరాకరింపవలసిన అవసరము ఏ అధికారికిని లేదు. అంబేద్కరు వాదములోని మరచిన సగము ఈ ఒక్కచోట ఆచరణలో నున్నది.

2017లో ఇతర స్త్రీలకును, మొదటి రెండు కాన్పులకు, సెలవు 26 వారములకు పెరిగెను. 50 మంది పనిచేయుచోట శిశుగృహము ఏర్పరుపవలెనని విధించిరి. ఖర్చు మరల యజమానిదే. ఏడువారముల కూలిని యజమానులకు తిరిగి చెల్లించు పథకము ఆలోచనలో నున్నదని 2018 నవంబరులో కేంద్ర కార్మికశాఖ ప్రకటించెను. తొంబదియేండ్ల తరువాత ప్రభుత్వము పాత ప్రశ్నను మరల విప్పుట అదే.

గనులలో రాత్రిపనిని గూర్చిన నిషేధము 2019 జనవరిలో సడలెను. స్త్రీలు లిఖితపూర్వకముగా సమ్మతించినచో ఉపరితల గనులలో రాత్రి షిఫ్టునకును పోవచ్చును. అప్పటికి 14వ నిక్షేపమునుండి ఖనిజము విశాఖకు దిగుట మొదలై 50 యేండ్లు నిండినవి.