క్యాన్సర్ పేషెంట్లకు రాత్రి నిద్ర పట్టడం లేదా? పొద్దున్నే వెలుగు, రోజూ కాస్త నడక.. ఎంతసేపు, ఎప్పుడు, ఎవరికి వద్దు?

కీమోథెరపీ మొదలైన చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. పేషెంట్‌ని లోపలి గదిలో పడుకోబెడతారు. కర్టెన్లు వేసేస్తారు. ‘‘నువ్వు లేవకు, రెస్ట్ తీసుకో’’ అంటారు. ప్రేమతో చేసే పనే ఇది. కానీ పగలంతా చీకటి గదిలో కునుకు తీసిన మనిషి రాత్రి రెండింటికి కళ్లు తెరుచుకుని ఫ్యాన్ వైపు చూస్తూ ఉంటారు. తెల్లారేసరికి మళ్లీ నీరసం, మళ్లీ మంచం. ఈ చక్రాన్ని ఆపడానికి డబ్బు ఖర్చులేని రెండు మార్గాలున్నాయి. ఒకటి ఉదయం వెలుగు, రెండోది శక్తికి తగ్గ నడక. అవి ఎలా పనిచేస్తాయి? విజయవాడ ఎండల్లో, డెల్టా ఊళ్లలో వాటిని ఎలా పాటించాలి? ఎవరు జాగ్రత్తగా ఉండాలి? పూర్తి వివరాలు చూద్దాం.

నిద్రలేమి ఎంతమందిలో?

క్యాన్సర్ వచ్చినవారిలో నిద్ర సమస్య చాలా మామూలు. కెనడాలోని క్యూబెక్‌లో 962 మంది పేషెంట్లను ఏడాదిన్నర పాటు గమనించిన అధ్యయనం 2011లో వచ్చింది. ఆపరేషన్ సమయానికి వారిలో 59 శాతం మందికి నిద్రలేమి లక్షణాలున్నాయి. 18 నెలల తర్వాత కూడా 36 శాతం మందిలో అవి పోలేదు. అంటే ట్రీట్‌మెంట్ అయిపోగానే నిద్ర దానంతట అదే వస్తుందని అనుకోలేం.

అయినా డాక్టర్ దగ్గర ఈ మాట ఎత్తేవాళ్లు తక్కువ. అవనిగడ్డ, మచిలీపట్నం, గుడివాడ వైపు నుంచి తెల్లవారుజామునే బయల్దేరి విజయవాడ ఆస్పత్రులకో, గుంటూరు జీజీహెచ్‌లోని నాట్కో క్యాన్సర్ సెంటర్‌కో, మంగళగిరి ఎయిమ్స్‌కో చేరతారు. డాక్టర్ ముందు కూర్చున్న ఆ కొద్ది నిమిషాల్లో రిపోర్టులు, రక్తపరీక్షలు, తర్వాతి సైకిల్ తేదీ.. వీటికే టైమ్ అయిపోతుంది. ‘‘క్యాన్సర్ అన్నాక నిద్ర ఎలా పడుతుందిలే’’ అని ఇంట్లోవాళ్లూ సర్దుకుపోతారు. ఆ సర్దుబాటు వల్ల నష్టమే. నిద్ర లేకపోతే నీరసం, నొప్పి, దిగులు మూడూ పెరుగుతాయి. ట్రీట్‌మెంట్‌ని తట్టుకునే ఓపిక తగ్గుతుంది.

నిద్ర ఎందుకు చెడుతుంది?

కారణం ఒక్కటే ఉండదు. సాధారణంగా కనిపించేవి ఇవి:

* కీమోతో పాటు వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు. వేసుకున్న రాత్రి కళ్లు మూతపడవు.
* నొప్పి, దగ్గు, సెలైన్ ఎక్కించాక రాత్రి పదేపదే మూత్రానికి లేవాల్సి రావడం.
* రొమ్ము క్యాన్సర్‌కు వాడే హార్మోన్ మందుల వల్ల ఒంట్లోంచి ఆవిర్లు, చెమటలు.
* భయం, ఖర్చుల ఆలోచన, స్కాన్ రిపోర్ట్ ఏమొస్తుందోనన్న ఆందోళన.
* పగటిపూట గంటల తరబడి పడుకోవడం, బయటి వెలుగు కంటికి తగలకపోవడం.

మొదటి నాలుగింటికి డాక్టర్ సాయం కావాలి. ఐదోది మాత్రం చాలావరకు ఇంట్లోవాళ్ల చేతుల్లో ఉంటుంది. వెలుగు, నడక పనిచేసేది ఇక్కడే.

ఒంట్లోని గడియారం.. దానికి తాళం చెవి వెలుగు

మన మెదడులో హైపోథాలమస్ అనే చోట చిన్న కణాల గుంపు ఉంటుంది. ఒంటికి అదే మెయిన్ గడియారం. ఎప్పుడు మెలకువ రావాలి, ఎప్పుడు ఒళ్లు చల్లబడాలి, నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ హార్మోన్ ఎప్పుడు విడుదలవ్వాలి అన్నది అదే నడిపిస్తుంది. కణాల్లో ఈ గడియారం తిరిగే తీరును కనిపెట్టిన జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో వైద్యశాస్త్ర నోబెల్ దక్కింది.

ఈ గడియారం సొంతంగా వదిలేస్తే కొంచెం కొంచెంగా జరిగిపోతుంది. రోజూ దాన్ని సరిచేసేది కంటికి తగిలే ఉదయపు వెలుగు. పొద్దున్న మంచి వెలుగు పడితే రాత్రి నిద్ర సకాలంలో వస్తుంది. పగలు మసక గదిలో, రాత్రి ట్యూబ్‌లైట్, సెల్‌ఫోన్ వెలుగులో గడిపితే గడియారానికి పగలేదో రాత్రేదో అర్థం కాదు. కీమో సైకిళ్లు నడిచేకొద్దీ పేషెంట్లలో పగటి చురుకుదనానికీ రాత్రి విశ్రాంతికీ మధ్య తేడా చెరిగిపోతుందని పరిశోధనల్లో తేలింది.

ఇంట్లో లైటు వేశాం కదా, చాలదా అంటారా? వెలుగును లక్స్‌లలో కొలుస్తారు. మామూలు గదిలో రాత్రి లైటు వేస్తే ఉండేది 100 నుంచి 300 లక్స్. మబ్బు పట్టిన పగలు కూడా బయట కొన్ని వేల లక్స్ ఉంటుంది. ఎండ కాసే రోజు నీడలో కూర్చున్నా పది వేల దగ్గరకు వెళ్తుంది. అందుకే మంచాన్ని గదిలోంచి వసారాలోకి జరపడం కూడా చికిత్సలో భాగమే.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

* అమెరికాలోని శాన్ డీగోలో రొమ్ము క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్న 39 మంది మహిళలపై చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. కొందరు రోజూ ఉదయం 30 నిమిషాలు ప్రకాశవంతమైన తెల్లని లైటు ముందు, మిగతావారు మసక ఎర్ర లైటు ముందు కూర్చున్నారు. ఎర్ర లైటు వాళ్లలో కీమోతో పాటు నీరసం పెరిగింది. తెల్ల లైటు వాళ్లలో పెరగలేదు.
* ట్రీట్‌మెంట్ ముగిసినా నీరసం తగ్గని 44 మందిపై అమెరికాలోనే ఇదే పద్ధతిని 4 వారాలు ప్రయత్నించారు. 2018లో వచ్చిన ఫలితాల్లో తెల్ల లైటు వాడినవారి నిద్ర మెరుగైంది.
* 410 మందితో చేసిన యోగా ట్రయల్ ఫలితాలు 2013లో వచ్చాయి. వారానికి 2 సార్లు, 75 నిమిషాల చొప్పున 4 వారాలు చేసినవారికి నిద్ర బాగుపడింది, నిద్రమాత్రల వాడకం తగ్గింది.
* ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 226 మందిపై హాంకాంగ్‌లో 16 వారాల ట్రయల్ జరిగింది. ఏరోబిక్ వ్యాయామం, తాయ్‌చీ రెండూ నిద్రకు మేలు చేశాయని 2023లో తేల్చారు.
* మన పక్కనే బెంగళూరులో, ఇతర భాగాలకు పాకిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 91 మంది మహిళలపై చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. 3 నెలలు యోగా చేసినవారిలో నిద్ర నాణ్యత పెరిగింది.

ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. వెలుగు మీద జరిగిన అధ్యయనాలు చిన్నవి, అన్నింటిలో ఫలితం ఒకేలా లేదు. వ్యాయామానికి ఆధారాలు ఇంకొంచెం గట్టిగా ఉన్నాయి. 2019లో అంతర్జాతీయ నిపుణుల బృందం క్యాన్సర్ పేషెంట్ల వ్యాయామంపై మార్గదర్శకాలు ఇచ్చింది. నీరసం, ఆందోళన, దిగులు తగ్గడానికి బలమైన ఆధారాలున్నాయని, నిద్రకు మధ్యస్థ స్థాయి ఆధారాలున్నాయని పేర్కొంది. ఈ రెండూ క్యాన్సర్‌ని తగ్గించే మందులు కావు. అసలు ట్రీట్‌మెంట్ ఆపి వీటిని నమ్ముకోవడం ప్రమాదకరం.

విజయవాడ, డెల్టాలో ఎలా పాటించాలి?

లక్ష్యం సింపుల్. నిద్ర లేచిన గంట, గంటన్నరలోపు 20 నుంచి 30 నిమిషాలు ఆరుబయట వెలుగులో ఉండాలి. సూర్యుడి వైపు నేరుగా చూడకూడదు. అద్దాల కిటికీ వెనక వెలుగు బాగా తగ్గిపోతుంది కాబట్టి బాల్కనీ, డాబా, అరుగు, వాకిలి మంచివి.

ఎండాకాలం: మే నెలాఖరులో ఇక్కడ సుమారు 5:30కే తెల్లారుతుంది. 40 డిగ్రీలు దాటే రోజుల్లో 6:30 కల్లా ఇంట్లోకి వచ్చేయాలి. రోహిణి కార్తెలో సాయంత్రం నడక కూడా ఆరు దాటాకే. కీమోలో ఉన్నవారికి వాంతులు, విరేచనాల వల్ల ఒంట్లో నీరు ముందే తక్కువగా ఉండొచ్చు. వడదెబ్బ త్వరగా తగులుతుంది.

వానాకాలం: మబ్బు ఉందని మానేయొద్దు. వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నా పని జరుగుతుంది. పాకుడు పట్టిన కాలువ గట్లు, బురద గట్ల మీద మాత్రం నడవొద్దు. జారిపడితే ప్రమాదం.

చలికాలం: జనవరి మధ్యలో సూర్యోదయం 6:40 ప్రాంతంలో. పొలాల మీద మంచు విడిచాక, ఏడు దాటాక బయటికి రండి. దగ్గు, ఆయాసం ఉన్నవారికి ఇది ముఖ్యం.

ఆస్పత్రి రోజు: తెల్లవారుజాము ప్రయాణంతో ఆ రోజు నిద్ర ఎలాగూ తగ్గుతుంది. వెయిటింగ్ హాల్లో వెలుగు వచ్చే వైపు కూర్చోండి. ఇంటికొచ్చాక పడుకున్నా అరగంటకు మించొద్దు.

నడక ఎంత?

పై మార్గదర్శకాల ప్రకారం నిద్ర కోసం వారానికి 3, 4 సార్లు, 30 నుంచి 40 నిమిషాల మోస్తరు నడక, 12 వారాల పాటు మేలు. మొదటి రోజే అంత నడవాలని కాదు.

* 1, 2 వారాలు: రోజుకు రెండుసార్లు 5 నుంచి 10 నిమిషాలు. వాకిట్లో, అపార్ట్‌మెంట్ కారిడార్‌లో అయినా సరే.
* 3, 4 వారాలు: ఒక్కోసారి 15 నిమిషాలు.
* ఆ తర్వాత: ఓపికను బట్టి 30 నిమిషాల వరకు.

వేగం ఎంత? నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేనంత ఉంటే చాలు. కీమో అయిన మొదటి రెండు మూడు రోజులు తగ్గించుకోవచ్చు. నడవలేనివారు కుర్చీలో కూర్చుని కాళ్లు చాచి ముడవడం, లేచి నిలబడి మళ్లీ కూర్చోవడం చేయొచ్చు. పడుకునే ముందు రెండు గంటల్లో గట్టి వ్యాయామం వద్దు.

ప్రకాశం బ్యారేజీ దగ్గరో, పార్కులోనో నడవాలనుకుంటే జనం తక్కువగా ఉన్నప్పుడే వెళ్లండి. కీమోలో తెల్ల రక్తకణాలు పడిపోయినప్పుడు గుంపుల్లో ఇన్‌ఫెక్షన్ భయం ఎక్కువ. తోడుగా ఒకరు ఉండాలి.

రాత్రి వైపు కూడా చూసుకోవాలి

* పగటి కునుకు మధ్యాహ్నం మూడులోపు, అరగంట మాత్రమే.
* సాయంత్రం తర్వాత కాఫీ, టీ మానేయాలి.
* టీవీ ఉన్న హాల్లోనే పేషెంట్ మంచం ఉంటే, తొమ్మిది దాటాక సీరియళ్లు, వార్తలు, లైట్లు కట్టేయాలి. చాలా ఇళ్లలో మార్చాల్సింది ఇదే.
* దోమతెర తప్పనిసరి. డెల్టాలో సగం నిద్ర దోమలకే పోతుంది.
* మంచం మీద 20 నిమిషాలు దాటినా నిద్ర రాకపోతే లేచి మసక వెలుగులో కాసేపు కూర్చుని, నిద్ర ముంచుకొచ్చాక మళ్లీ పడుకోవాలి.
* లేచే టైమ్ రోజూ ఒకటే ఉండాలి, రాత్రి ఎలా గడిచినా సరే.

వీరు ముందు డాక్టర్‌ని అడగాలి

* ఎముకలకు క్యాన్సర్ పాకినవారు, వెన్నునొప్పి ఉన్నవారు. ఎముక విరిగే ముప్పు ఉంటుంది.
* ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్ బాగా తగ్గినవారు, గుండె జబ్బు ఉన్నవారు.
* కాళ్లు తిమ్మిర్లెక్కేవారు, అరికాళ్లు ఎర్రబడి మండేవారు. పాక్లిటాక్సెల్, కాపెసిటబిన్ లాంటి మందులతో ఇలా జరగొచ్చు. మెత్తటి చెప్పులు లేకుండా నడవొద్దు.
* ఎండ పడితే చర్మం కందిపోయే మందులు వాడేవారు. మెథోట్రెక్సేట్, 5-ఎఫ్‌యూ ఈ కోవలోవే. వీరికి నీడలో వెలుగు చాలు.
* రేడియేషన్ తీసుకుంటున్న చోట ఎండ తగలకూడదు. కాటన్ బట్టతో కప్పాలి.
* ఆన్‌లైన్‌లో దొరికే 10,000 లక్స్ లైట్ బాక్స్ కొనాలనుకుంటే.. కంటి రెటీనా జబ్బు, బైపోలార్ సమస్య ఉన్నవారు డాక్టర్‌ని అడగకుండా వాడొద్దు.

కీమోలో ఉండగా జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ తాకితే నడక, వెలుగు అన్నీ పక్కనపెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. తెల్లారేదాకా ఆగొద్దు. నడిచేటప్పుడు ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, ఒక్కసారిగా ఆయాసం వచ్చినా అంతే.

నిద్రమాత్ర తెచ్చుకోవచ్చా?

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవడం వద్దు. నొప్పికి వాడే మార్ఫిన్ లాంటి మందులతో కలిస్తే శ్వాస మందగించే ప్రమాదం ఉంది. దీర్ఘకాలిక నిద్రలేమికి నిపుణులు మొదటగా సూచించేది ‘సీబీటీ-ఐ’ అనే కౌన్సెలింగ్ పద్ధతి. నిద్రను చెడగొట్టే అలవాట్లను, ఆలోచనలను వారాల వ్యవధిలో మార్చే చికిత్స ఇది. దిగులు, భయం ఎక్కువగా ఉంటే టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

డాక్టర్‌కి ఏం చెప్పాలి?

ఒక నోట్‌బుక్‌లో వారం రోజులు నాలుగే నాలుగు రాయండి. ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నిసార్లు లేచారు, ఎన్నింటికి లేచారు, పగలు ఎంతసేపు పడుకున్నారు. తర్వాతి సైకిల్‌కి వెళ్లినప్పుడు ఆ పేజీ చూపించండి. స్టెరాయిడ్‌ని ఉదయానికి మార్చవచ్చా, రాత్రి నొప్పికి డోసు సరిపోతోందా, ఎంత నడవొచ్చు అని అడగండి. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపిస్తే అదీ చెప్పండి. అది వేరే పరీక్ష అవసరమైన సమస్య.

ఇంట్లోవాళ్లు రేపు పొద్దున్నే చేయగలిగింది ఒకటుంది. కర్టెన్ తీసి, కుర్చీ వాకిట్లో వేసి, ‘‘కాసేపు బయట కూర్చుందాం రా’’ అని పిలవండి. పగలు పగలులా గడిస్తేనే రాత్రి రాత్రిలా ఉంటుంది. రెండు మూడు వారాలు వదలకుండా పాటిస్తేనే తేడా తెలుస్తుంది.

గమనిక: ఈ వివరాలు అవగాహన కోసం మాత్రమే. ప్రతి పేషెంట్ పరిస్థితి వేరు. మందులు, వ్యాయామం విషయంలో మీకు ట్రీట్‌మెంట్ ఇస్తున్న డాక్టర్ సలహానే పాటించండి.