జగిత్యాల సీమ గృహదారువులు

జగిత్యాల కోటను గూర్చి వ్రాసినవారు కలరు. 1747వ సంవత్సరమున గట్టబడినదని చెప్పబడు నా నక్షత్రాకార దుర్గము శిలామయ మగుటచే నేటికిని నిలిచియున్నది. ఆ కోటచెంతను, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములందును దూలములపై నిలిచిన పాతయిండ్లను గూర్చి వ్రాసినవా రరుదు. ఏ కొయ్యను ఏచోట నిలిపిరో తెలిసికొనుటయు చరిత్రమే. దానికి సాధనములు రెండు: వృక్షముల పేళ్లు, వడ్లవారి యనుభవము. ఈ రెంటిని కలిపి చూడనిచో పొరపాటు తప్పదని చూపుట యీ వ్యాసమున కుద్దేశము.

ఆఱవ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితయందు శయ్యాసనములకు దగిన వృక్షములలో అసనము, తిందుకి, శాకము, శింశుప మున్నగువానిని బేర్కొనెను. పిడుగు పడినవి, ఏనుగు కూల్చినవి, తేనెపట్టులు గలవి, తల యెండినవి వర్జ్యము లనెను. శకునములుగా దోచు నీ నిషేధములలో వడ్రంగి వివేకము గలదు. పిడుగుపడిన మ్రాను లోపల బీటలు వారియుండవచ్చును. తల యెండినదాని చేవ పలుమారు పుచ్చియుండును. తేనెటీగలు చేరిన తొఱ్ఱమ్రాను దూలమునకు బనికిరాదు.

శాకము మన టేకే యనుటలో సందేహము లేదు. చిక్కు అసనముతో వచ్చును. హిందీవారు నల్లమద్దిని ఆసన్ అందురు. అమరకోశమో, అసనమునకు పీతసాల మను పర్యాయము నొసగినది. పసుపుపూవులు, పసుపుగోధుమవన్నె చేవయు గల వేగిస కీ పేరు తగియున్నది. నల్లమద్ది చేవ ముదురుగోధుమవన్నెది. వేగిసను నఱికినచో ఎఱ్ఱని బంక స్రవించును. చేవముక్కను నీట నానవేసిన నీరు నీలికాంతి నిచ్చును. నల్లమద్ది బెరడు మొసలివీపువలె పగిలియుండును. కావున శ్లోకమందలి అసనమును మద్ది యని యర్థము చెప్పుటకు ముందు యోచింపవలెను. మద్దియందును భేదము గలదు. ఏటియొడ్డున నునుపైన తెల్లబెరడుతో బెరుగు తెల్లమద్ది అర్జునవృక్షము. అది వేఱు, అడవిలోని నల్లమద్ది వేఱు. వేగిసకు పెద్దేగి యనియు పేరు గలదు. జిట్రేగి యనునది మఱియొక వృక్షము, ఇరుగుడు.

పేరు మాఱిన కొయ్యగుణము మాఱును. టేకుచేవలో సహజముగా నుండు తైలాది పదార్థములచే చెదలు సులభముగా బట్టవు. వానకును ఎండకును అది ఉబ్బుట, కుంచించుట తక్కువ. అందుచే దర్వాజలకును తలుపులకును అది శ్రేష్ఠము. నల్లమద్ది అంతకంటె బరువైనది. టేకు ఘనమీటరునకు సుమారు 650 కిలోలు తూగగా నిది 850 కిలోల దనుక తూగును. బరువు మోయు దూలమునకు దగును గాని, ఆఱునప్పుడు బీటలు వారు స్వభావ ముండుటచే తలుపుపలకలకు దగదు. నల్లతుమ్మ దెబ్బల కోర్చును గనుక నాగళ్లకును బండిచక్రముల నాభులకును వాడబడెను. వేపను చేదుచే పురుగు అంతగా జేరదు. ఏ మ్రానైనను చేవకు వెలుపలి తెల్లచెక్కను విడువవలెను. టేకున కైనను ఆ భాగము నిలుకడ లేనిది.

టేకు ఒక్కటియే మేలను భావమునకు వాణిజ్యము తోడ్పడినది. మన ద్రావిడపదమే పోర్చుగీసువారి నోట తేకా యై, ఆంగ్లభాష కెక్కినది. ఓడల నిర్మాణమునకు టేకు గావలసియుండగా 1840 దశకమున నీలంబూరులో దానిని తోటలుగా నాటిరి. అంగడిలో టేకు వెల హెచ్చినకొలది తక్కిన కొయ్యల యెఱుక తగ్గినది.

నేడు చెట్టు నఱకుటకు 2002 నాటి జల, భూమి, వృక్ష సంరక్షణ శాసనము ననుసరించి యనుమతి కావలెను. గోదావరి యావలి కవ్వాల యడవి 2012లో పులుల యభయారణ్య మైనది. ఇక నీ విద్యకు పాతయిండ్లే గ్రంథములు. వేములవాడ ప్రాంతమున మిడ్ మానేరు జలాశయము క్రింద మునిగిన గ్రామములలో నట్టి గ్రంథముల నిక చదువజాలము. కావున పాఠశాలల పండితులు తమ యూర పాతయిల్లు విప్పునపుడు వృద్ధుడగు వడ్రంగిని వెంటగొని పోయి, దూలము, కంబము, గడప, తలుపు వేఱువేఱుగ జూపి, ఆయన చెప్పు పేరును, ఆ కొయ్యను అచ్చట నుంచిన కారణమును వ్రాసికొందురుగాక. నిఘంటువులలోని సందేహములు కొన్ని యట్లే తీరగలవు.